పొలమారింది

యద్విగా మీట పైకి లాగింది.
రోటవేటరు లేవాలి కదా, లేచింది,
కానీ మెట్లెక్కే ముసలి మోకాలిలా:
జానెడు, ఆగి, ఇంకో జానెడు, ఆగి,
మధ్యమధ్య సీటు కిందనుంచి
గుక్కపట్టిన పసిపిల్ల కూత.

క్రాష్నిక్ దగ్గర, రాస్ప్‌బెర్రీ వరసల మధ్య,
మంచు ఇంకా నీడల్లో నక్కి ఉన్న ఏప్రిల్.
ఓడలో వచ్చిన పాత జపాను ట్రాక్టరు,
పద్దెనిమిది గుర్రాల బలం, దూడంత ఒళ్లు.
మీటల పక్క రాతలు ఎవరికీ రావు.
ఒకదాని దగ్గర కుందేలు, ఒకదాని దగ్గర తాబేలు,
మిగతావన్నీ తిప్పి చూసి నేర్చుకున్నవే.

"నిన్ను ముంచారు" అన్నాడు జెమోవిత్.
ముప్పై ఏళ్లు లుబ్లిన్ బస్సులు తోలినవాడు,
ఏ బండి మూలిగినా
నేరం ముందు గేరుబాక్సు మీదే మోపుతాడు.

ఆమె మునగలేదనే అంది.
రోగానికి ఎక్కిళ్లని పేరు పెట్టుకుంది.
ఎక్కిళ్లొస్తే ఎక్కడో ఎవరో తలుచుకుంటున్నారని
వాళ్ల ఊళ్లోనూ అంటారు.
మన మాటైతే ఇంకా సరిగ్గా అతికేది:
పొలం మారింది,
పొలమారింది.

ముందు నూనె చూశారు. గీత దాకా ఉంది.
రంగే, పాలెక్కువైన టీ.
"నీళ్లు చేరాయి" అతను.
"కాదు, గాలి" ఆమె.
గాజుగ్లాసులో పట్టి కిటికీలో పెట్టారు పందెంగా.
అదే రాత్రి చేతులు పైకెత్తించి, ఇంజను ఆపి,
షెడ్డు గోడ మీద వాటి ఎత్తున సుద్దగీత గీసింది.

తెల్లారేసరికి గ్లాసులో నురగ విరిగి
నూనె తేనెలా తేరుకుంది. అడుగున నీటిబొట్టు లేదు.
గోడ దగ్గర చేతులు గీత మీదే ఉన్నాయి,
వేలి మందం కూడా జారలేదు.
అంటే సిలిండరు నికరం, సీళ్లు నికరం.
మోసే సత్తువ ఉంది.
గుటక వేయడంలోనే తేడా.

ఫిల్టరు కడిగారు. కుదుపు పోలేదు.
ఇక మిగిలింది సక్షన్ గొట్టం
పంపులోకి దూరే అతుకు,
వేళ్లు వెళతాయి గానీ చూపు వెళ్లని సందు.
గోకితే ఎండిన బురద రాలింది,
ఈ నేలది కాని బూడిద నలుపు,
అందులో ఒక గింజ, పొట్టుతో, కొస ముల్లు విరక్కుండా.
"బార్లీ" అన్నాడు జెమోవిత్.
ఆమె కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి చాలాసేపు చూసి
"బార్లీ కాదు" అంది. అంతకుమించి చెప్పలేకపోయింది.
మనమైతే చీకట్లో తడిమి చెప్పేవాళ్లం.

గోరుముద్దంత గ్రీజు తీసి
అతుకు చుట్టూ మెత్తింది.
ఇంజను. మీట.
ఒక్క ఊపిరిలో లేచింది రోటవేటరు!
రెండోసారీ లేచింది.
మూడోసారికి గ్రీజు కూడా మింగేసి
మళ్లీ ఎక్కిళ్లు.
అయినా యద్విగా నవ్వింది, దొంగ ఇల్లు తెలిసింది కనక.

విప్పితే బయటపడింది రబ్బరు ఉంగరం,
చిటికెన వేలికి పట్టేంత. బిగుసుకుని గాజయిపోయింది,
వంచితే టక్కుమని రెండు.
కొత్తది రెండు జ్లోటీలు.
అది తేవడానికి పోయి వచ్చిన డీజిలు పన్నెండు.
ఆ లెక్క జెమోవిత్ సాయంత్రం దాకా చెబుతూనే ఉన్నాడు.

పదిసార్లు ఎత్తి దించారు, లోపలి గాలి పోయేదాకా.
పదకొండోసారి
నిద్రపోయే బిడ్డను భుజాన వేసుకున్నట్టు లేచింది.
చప్పుడు లేదు.
చప్పుడు లేకపోవడమే కాసేపు వింతగా ఉండి
మీట వదలకుండా అలాగే కూర్చుంది.

తర్వాత దిగి, పుల్లచెర్రీల రసం గడగడా తాగబోయి
పొలమారింది ఆమెకి.
మాడు మీద తట్టే అలవాటు అక్కడ లేదు.
జెమోవిత్ వీపు మీద రెండు చరిచాడు, బస్సు తలుపు మూసినట్టు.
కళ్లనీళ్లు తుడుచుకోవడానికి రుమాలు తీస్తే
జేబులోంచి ఆ గింజ గడ్డిలో పడింది.
వెతకాలనుకుంది.
పొద్దు వాలుతోంది, రోటవేటరు గాల్లోనే ఉంది,
ఇంకా నాలుగు వరసలు.